ఏ సాయి? ఏ యెహూదా?

మా టీమ్‌లో సాయిలు నలుగురు. అందులో సాయి కిరణ్‌లు ఇద్దరు. ఒకడు నేను. రెండోవాడు నాకంటే ఏడాది తర్వాత చేరాడు కాబట్టి వాడి మెయిల్ ఐడీ చివర 2 అంకె తగిలించారు. ఆఫీసులో అందరూ వాడిని 'సాయి టూ' అంటారు. పాపం, అమ్మానాన్నలు ముద్దుగా పెట్టిన పేరుకి వెర్షన్ నంబర్ తగిలించుకుని తిరుగుతున్నాడు.

మొన్నామధ్య ఓ గురువారం రాత్రి మా పేమెంట్ పేజీ పడిపోయింది. రెండింటి దాకా కూర్చుని దాన్ని లేపింది సాయి టూ. నేను హాయిగా నిద్రపోయాను. శుక్రవారం పొద్దున క్లయింట్ నుంచి థ్యాంక్స్ మెయిల్ వచ్చింది. నా ఐడీకి! పేరు టైప్ చేస్తుంటే ముందు కనపడేది నేనే కదా మరి. దాని కిందే మా మేనేజర్ 'వెల్ డన్ సాయి' అని అందరికీ పెట్టేశారు. వరసగా చప్పట్ల ఎమోజీలు. నేనేం చేశానో తెలుసా? ఓ దండం ఎమోజీ పెట్టి ఊరుకున్నాను.

అబద్ధం ఆడలేదు. నిజమూ చెప్పలేదు. ఆ దండమే నా మెడకు చుట్టుకుంది.

శనివారం మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని, ఒకే పేరున్న ఇద్దరిని డేటాలో ఎలా వేరు చేస్తారో వెతకడం మొదలుపెట్టాను. తప్పు నాది కాదు, సిస్టమ్‌ది అని నాకు నేనే నిరూపించుకోవాలి కదా! లింకు మీద లింకు నొక్కుకుంటూ పోతే ఎక్కడ తేలానో తెలుసా? పదిహేను వందల ఏళ్ల కిందటి యూదు పండితుల దగ్గర. ఆదివారం రాత్రి దాకా వాళ్ల దగ్గరే ఉండిపోయాను.

వందల ఏళ్ల గ్రూప్ చాట్

ముందు తాల్ముద్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. క్రీ.శ. 70లో రోమన్లు జెరూసలేంలోని దేవాలయాన్ని నేలమట్టం చేశారు. గుడి పోయాక యూదులకు చదువే గుడి అయింది. అప్పటిదాకా నోటి నుంచి నోటికి వస్తున్న ధర్మశాస్త్ర చర్చలను క్రీ.శ. 200 ప్రాంతంలో ఒకచోట కూర్చారు. అది మిష్నా. ఆ మిష్నా మీద తర్వాతి తరాలు చేసిన వాదోపవాదాలు గెమారా. ఈ రెండూ కలిస్తే తాల్ముద్. ఇందులో ఒకటి ఇశ్రాయేలు దేశంలో తయారైంది. ఇంకోటి బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో. బాబిలోనియా తాల్ముదే పెద్దది. అచ్చు ప్రతిలో రెండు వైపులా ముద్రించిన కాగితాలు 2,711!

చదువుతుంటే కొన్ని వందల ఏళ్లు నడిచిన గ్రూప్ చాట్ లాగా ఉంటుంది. ఫలానా ఆయన ఇలా అన్నారు, ఫలానా ఆయన ఒప్పుకోలేదు, ఇంకొకాయన మధ్యలో దూరారు. చిక్కల్లా ఏంటంటే, ఆ గ్రూపులో సగం మందివి ఒకటే పేర్లు. డీపీలు కూడా లేవాయె.

ఉదాహరణకి యెహూదా. మిష్నాలో ఊరికే 'రబ్బీ యెహూదా' అని ఉంటే ఆయన రెండో శతాబ్దానికి చెందిన యెహూదా బార్ ఇలాయ్. మిష్నాను కూర్చిన పెద్దాయన పేరూ యెహూదాయే. యెహూదా హ నాసి. మరి ఆయన్ని ఎలా వేరు చేశారు? పేరే తీసేశారు. ఉత్త 'రబ్బీ' అంటే ఆయనే. మన దగ్గర 'అన్నగారు' అంటే ఇంకెవరు అని అడగం కదా, అలాగన్నమాట. ఆయన మనవడు ఇంకో యెహూదా. ఆయన్ని 'యెహూదా నెసియా' అన్నారు. మూడో శతాబ్దంలో బాబిలోనియాలోని పుంబెదిత అనే ఊళ్లో పెద్ద విద్యాపీఠం నడిపిన యెహూదా మరొకాయన. ఆయన 'రవ్ యెహూదా'.

రబ్బీకీ రవ్‌కీ తేడా గమనించారా? ఇశ్రాయేలు దేశంలో పట్టం పొందినవాళ్లు రబ్బీలు, బాబిలోనియా గురువులు రవ్‌లు. మన ఫోన్ నంబర్ ముందు ఉండే దేశం కోడ్ లాంటిది. బిరుదు చూస్తే మనిషి ఎక్కడివాడో తెలిసిపోతుంది.

ఇంకో తమాషా. మిష్నాలో ఉత్త 'రబ్బీ ఎలాజర్' అంటే ఎలాజర్ బెన్ షమ్మూవా. అదే పేరు గెమారాలో కనపడితే ఎలాజర్ బెన్ పెదాత్. ఈయన ఆయనకంటే దాదాపు వందేళ్లు తర్వాతివాడు. కోడింగ్ చేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే వేరియబుల్ పేరు, రెండు ఫంక్షన్లు, రెండు విలువలు. మిగతావాళ్లకి ఇలా చెప్తాను. మీ ఇంట్లో 'ఒరేయ్ చిన్నోడా' అంటే మీ తమ్ముడు పలుకుతాడు. పక్కింట్లో అదే పిలుపుకి వాళ్లబ్బాయి పలుకుతాడు. ఎవరింట్లో ఉన్నామో తెలిస్తే చాలు, గందరగోళం ఉండదు.

బెన్ అన్నా బార్ అన్నా 'కొడుకు' అనే అర్థం. తండ్రి పేరుతో తేలకపోతే ఊరి పేరు చేర్చేవాళ్లు. యోసే హ గలీలి అంటే గలిలయకు చెందిన యోసే. లేదంటే వృత్తి. యోహానాన్ హ సాండ్లార్ అంటే చెప్పులు కుట్టే యోహానాన్ అని మామూలుగా చెప్పే అర్థం. అదీ కాకపోతే ఒడ్డూ పొడుగూ. సూరాలో విద్యాపీఠం పెట్టిన మహానుభావుడు, ఉత్త 'రవ్' అంటే గుర్తొచ్చే ఆయన అసలు పేరు అబ్బా. అబ్బా అరీఖా అనేవాళ్లు. అరీఖా అంటే పొడుగాటి మనిషి. మన ఊళ్లలో పొడుగు శీను, పొట్టి శీను ఉంటారే, అచ్చం అదే.

తండ్రి పేరు కూడా ఒకటే అయితే?

మనకు తాత పేరు మనవడికి పెట్టడం అలవాటు. వాళ్లలోనూ అదే ఆచారం కనిపిస్తుంది. బైబిల్ చదివేవాళ్లకు గమలీయేలు పేరు తెలిసే ఉంటుంది. అపొస్తలుల కార్యములలో పౌలు తన గురువుగా చెప్పుకున్నది ఆయన్నే. ఆయన కొడుకు షిమోన్. ఈ షిమోన్ కొడుకు మళ్లీ గమలీయేలు. ఆ రెండో గమలీయేలు కొడుకు మళ్లీ షిమోన్!

ఇప్పుడు లెక్క చూడండి. 'షిమోన్ బెన్ గమలీయేల్' అనే మనుషులు ఒకే వంశంలో ఇద్దరు తేలారు. పేరూ ఒకటే, తండ్రి పేరూ ఒకటే. ఒకాయన దేవాలయం కూలిన రోజులవాడు. ఇంకొకాయన అతని మనవడు, మిష్నా కూర్చిన యెహూదా హ నాసికి తండ్రి. ఈ వంశంలో గమలీయేళ్లు మొత్తం ఆరుగురు. ఆరో గమలీయేలుతో, ఐదో శతాబ్దంలో, వాళ్ల నాయకత్వ పదవే ముగిసిపోయింది.

ఇక్కడిదాకా సరదాగానే ఉంది. 'ఏ యెహూదా అయితే ఏంటి, మాట మంచిదైతే చాలు కదా' అనిపించింది నాకు. అంటే, 'ఏ సాయి అయితే ఏంటి, పేజీ లేచింది కదా' అన్నట్టు. కానీ ఆ తర్వాత చదివినవి నన్ను అంత తేలిగ్గా వదల్లేదు.

ఒక్క అక్షరం

నాలుగో శతాబ్దపు బాబిలోనియాలో ఇద్దరు దిగ్గజాలున్నారు. ఒకరు రబ్బా, ఒకరు రవా. మన ఉప్మా రవ్వ గుర్తొస్తే తప్పు నాది కాదు. హీబ్రూ లిపిలో ఈ రెండు పేర్లకీ మూడేసి అక్షరాలు. మొదటి రెండూ ఒకటే. చివరి అక్షరం మాత్రమే తేడా. చేత్తో రాసుకునే కాలంలో నకలు తీసేవాడి కన్ను కాస్త జారితే రబ్బా రవా అయిపోతాడు. అలా తారుమారైన చోట్లు రాతప్రతుల్లో బోలెడు.

అయితే ఏంటట? చాలానే ఉంది. అబ్బయే అనే పండితుడికీ రవాకీ వాదన వస్తే, ఆరు సందర్భాల్లో తప్ప తీర్పు రవా వైపే అని తాల్ముద్ తేల్చేసింది. రబ్బాకి ఇలాంటి లెక్క వేరే ఉంది. అంటే అక్షరం మారితే మనిషి మారతాడు. మనిషి మారితే తీర్పు మారొచ్చు.

దీన్ని తర్వాతి వ్యాఖ్యాతలు ఎలా పట్టుకునేవాళ్లో తెలుసా? అచ్చం మనం లాగ్స్ చూసినట్టే. రబ్బా అబ్బయేకి మేనమరిదో అన్నదమ్ముడో కాదు, పెంచి చదువు చెప్పిన పెద్దదిక్కు. రవా అబ్బయేతో సమానంగా వాదించే సాటివాడు. అబ్బయే ముందు మాట్లాడి, దానికి ఈయన జవాబిస్తుంటే అది రవా అయ్యే అవకాశం ఎక్కువ. ఈయన చెప్పినదాన్ని అబ్బయే తర్వాత విడమరిస్తే రబ్బా అనుకోవచ్చు. ఎవరి ముందు ఎవరు మాట్లాడారన్న వరసను బట్టి మనిషిని గుర్తుపట్టడమన్నమాట.

ఇద్దరు యోసేఫ్‌లు, ఒక అప్పు

పండితుల పేర్లతోనే కాదు, మామూలు మనుషుల పేర్లతోనూ వాళ్లు ఇంతే తంటాలు పడ్డారు. మిష్నాలో ఒక నియమం చదివి నేను లేచి కూర్చున్నాను. ఒకే ఊళ్లో 'యోసేఫ్ బెన్ షిమోన్' అని ఇద్దరున్నారనుకోండి. వాళ్లు ఒకరి మీద ఒకరు అప్పు పత్రం తేలేరు. మూడో మనిషి ఎవరైనా 'యోసేఫ్ బెన్ షిమోన్ నాకు బాకీ' అని పత్రం తెచ్చినా చెల్లదు. ఏ యోసేఫో తేలనప్పుడు ఎవరి దగ్గర వసూలు చేస్తాడు?

మరి దారేంటి? తాత పేరు కూడా రాయమన్నారు. మూడు తరాల పేర్లూ కలిస్తే మనిషికున్న ఏదైనా గుర్తు రాయాలి. గుర్తులూ కలిస్తే, ఒకరు యాజక వంశంవాడైతే ఆ సంగతి రాయాలి. క్రీ.శ. 200 నాటికే ఇంత ఆలోచించారు! మేం డేటాబేస్‌లో ఒక కాలమ్ చాలకపోతే ఇంకో కాలమ్ కలుపుతాం చూడండి, అదే సంగతి. నేనేమో మెయిల్ ఐడీకి 2 తగిలించి చేతులు దులుపుకున్న కాలంవాణ్ణి.

అప్పు సంగతి సరే, డబ్బుతో పోతుంది. ఇంకో కేసు చూడండి. రవ్ బీబీ అనే ఆయన మేనల్లుడు యిట్జాక్, అంటే మన బైబిల్లో ఇస్సాకు పేరే, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తూ చనిపోయాడని దూరదేశం నుంచి కబురొచ్చింది. భర్త పోయాడని రుజువైతే తప్ప భార్య మళ్లీ పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు. పోయింది ఈ యిట్జాకేనా? అదే పేరుతో ఇంకో యిట్జాక్ ఉండి ఉండొచ్చు కదా?

అబ్బయే ఆ అనుమానం పెట్టుకోవాల్సిందే అన్నారు. రవా అక్కర్లేదన్నారు. అలా అనుమానపడుతూ పోతే ఒక్క ఊరు వెతికితే సరిపోదు, లోకమంతా వెతకాల్సి వస్తుంది కదా అన్నది రవా వాదన.

నాకు ఇద్దరి మాటా సబబుగానే తోచింది. అబ్బయే కళ్లముందు, ఎక్కడో బతికే ఉన్న భర్త ఉన్నాడేమో. రవా కళ్లముందు, ఎప్పటికీ తేలని అనుమానంతో గుమ్మంలో కూర్చుండిపోయే ఆడమనిషి ఉందేమో. ఒక్క పేరు రెండు జీవితాల మీద పడింది. నా 'దండం' ఎమోజీ అప్పుడు గుర్తొచ్చింది. మాకు వచ్చే నెల అప్రైజల్స్.

పేరు కొట్టేయడమే శిక్ష

ఆఫీసు రాజకీయాలు మనమే కనిపెట్టామనుకుంటాం. ఇది వినండి. పైన చెప్పిన రెండో షిమోన్ బెన్ గమలీయేల్ సభకు అధిపతిగా ఉండగా, ఎవరు వస్తే ఎంతమంది లేచి నిలబడాలన్న మర్యాదల్ని మార్చారు. రబ్బీ మేయిర్, రబ్బీ నాతాన్‌లకు తమ హోదా తగ్గిందని కోపం వచ్చింది. అధిపతికి సరిగ్గా రాని ఒక గ్రంథభాగం మీద సభలో పాఠం చెప్పమని అడిగి, తెల్లమొహం వేయగానే దించేద్దామని పథకం వేశారు. ఒక శ్రేయోభిలాషి అది విని, రాత్రి అధిపతికి వినపడేలా ఆ భాగాన్నే వల్లెవేస్తూ కూర్చున్నాడు. ఆయనకు విషయం అర్థమై చదువుకుని వచ్చారు. పథకం బెడిసికొట్టింది. ఇద్దర్నీ సభ నుంచి వెళ్లగొట్టారు.

వాళ్లు ఊరుకున్నారా? బయటి నుంచి చీటీల మీద ప్రశ్నలు రాసి లోపలికి విసిరారు. చదువంతా బయట ఉంటే మనం లోపల కూర్చుని ఏం లాభమని రబ్బీ యోసే అడిగాక, మళ్లీ రానిచ్చారు. కానీ ఒక షరతు. ఇకమీదట వాళ్ల మాటలు వాళ్ల పేరుతో చెప్పకూడదు. మేయిర్ మాటైతే 'ఇతరులు అంటారు' అనాలి. నాతాన్ మాటైతే 'కొందరు అంటారు' అనాలి.

చూశారా, మాట ఉంచారు, పేరు కొట్టేశారు. అదే వాళ్లకు తోచిన పెద్ద శిక్ష. చాలా ఏళ్లకు యెహూదా హ నాసి తన కొడుక్కి పాఠం చెబుతూ 'ఇతరులు అంటారు' అన్నారు. ఆ కొడుకు పేరు ఏంటనుకున్నారు? మళ్లీ షిమోనే! వాళ్ల చదువు మనం వాడుకుంటూ, వాళ్ల పేరు మాత్రం ఎందుకు పలకం అన్న అర్థంలో ఆ అబ్బాయి అడిగాడట. పోయినవాళ్లతో ఇంకా ఏం పేచీ అన్నది ఆ కుర్రాడి ఉద్దేశం. అప్పుడు తండ్రి కాస్త మెత్తబడి, మేయిర్ పేరు వినపడేలా ఆ పాఠాన్ని మార్చి చెప్పారు.

ఇక చివరిది. గెమారాలోని ఎలాజర్, అంటే రెండో ఎలాజర్, తిబెరియలో రబ్బీ యోహానాన్‌కు శిష్యుడు. ఒకరోజు గురువు మాటనే సభలో చెప్పాడు. గురువు పేరు చెప్పలేదు. యోహానాన్‌కు ఎక్కడలేని కోపం వచ్చింది. ఇద్దరు సముదాయించబోతే ఇంకా పెరిగింది. చివరికి ఇంకొకాయన వచ్చి, మీ శిష్యుడు నోరు తెరిస్తే అది మీ మాటేనని అందరికీ తెలుసు కదా అని నచ్చజెప్పాక శాంతించారు.

అంత పెద్ద మనిషికి అంత చిన్న విషయానికి కోపమేంటి? తాల్ముదే జవాబు చెబుతుంది. పోయిన పండితుడి మాటను ఈ లోకంలో ఎవరైనా ఆయన పేరుతో చెబితే, సమాధిలో ఆయన పెదవులు కదులుతాయని వాళ్ల నమ్మకం. ఈ యోహానాన్ తన పదిమంది కొడుకులనూ పోగొట్టుకున్నాడని ఇంకోచోట ఉంది. నాకు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. పేరు నిలబెట్టే కొడుకులు లేరు. మిగిలింది మాటలే. ఆ మాటల మీద కూడా పేరు లేకపోతే ఇక ఏం మిగిలినట్టు?

సోమవారం పొద్దున

ఆఫీసుకు వెళ్లగానే ఆ మెయిల్ తెరిచి అందరికీ జవాబు రాశాను. గురువారం రాత్రి పని చేసింది నేను కాదని, శుక్రవారమే చెప్పాల్సిందని. వాడి పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాద్దామనుకున్నాను. అప్పుడు తెలిసింది, ఏడాదిగా పక్క సీట్లో కూర్చుంటున్నవాడి ఇంటిపేరు నాకు తెలీదని. డైరెక్టరీలో వెతికి రాశాను.

మేనేజర్ నుంచి 'ఓహ్, ఓకే' అని ఒక లైన్ వచ్చింది. సాయి టూ నా వైపు తిరిగి 'లైట్ తీస్కో బ్రో' అన్నాడు. తెలుసా అని అడిగితే, శుక్రవారమే చూశానన్నాడు. ఏమీ అనలేదేంట్రా అంటే నవ్వి ఊరుకున్నాడు. ఐదు నిమిషాలయ్యాక మెల్లగా అడిగాడు, 'బ్రో, నీ మెయిల్ స్క్రీన్‌షాట్ అప్రైజల్‌లో పెట్టుకోవచ్చా?'

అంతే. ఆ ఒక్క ప్రశ్నలో వాడు మూడు రోజులుగా ఏం మింగుకుని కూర్చున్నాడో నాకు అర్థమైంది.

తాల్ముద్ పండితులకు సర్వర్లు లేవు, ఐడీలు లేవు. ఉన్నదల్లా 'ఏ యెహూదా?' అని ఆగి అడిగే ఓపిక. ఆ ప్రశ్న అడగడానికి మనకు పట్టేది రెండు సెకన్లు. అడగకపోతే పోయేది మాత్రం ఎప్పుడూ ఎదుటివాడిదే.

ఇప్పుడు మా టీమ్‌లో వాడిని నేను 'సాయి టూ' అనడం మానేశాను. ఇంటిపేరుతో పిలుస్తున్నాను. మొదట రెండు రోజులు వాడే పలకలేదు, ఎవరినో అనుకున్నాడట!

మరి మీ గ్రూపులో సాయిలు ఎంతమంది? వాళ్ల ఇంటిపేర్లు మీకు తెలుసా?